పోస్టర్ అడుగున ఉన్న పేర్లు: బ్రిటన్, ఐర్లాండ్ కొత్త ఇండీ పాప్ బ్యాండ్లను ముందే పట్టుకోవడం ఎలా

ఒక బ్యాండ్ మీ పాటల యాప్ మొదటి పేజీలో కనబడే సరికి అది కొత్త బ్యాండ్ కాదు. ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరానికి చెందిన ఇంగ్లిష్ టీచర్ సంగతే చూడండి. బ్రిటన్, ఐర్లాండ్ ఆల్బమ్‌లలో మేటిదానికి ఏటా ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్‌ను 2024 సెప్టెంబరులో గెలిచాకే చాలామందికి ఆ పేరు తెలిసింది. కానీ 2021లోనే వాళ్ల సింగిల్ (విడిగా విడుదల చేసే ఒక్క పాట) నైస్ స్వాన్ అనే చిన్న లేబుల్ (రికార్డులు తెచ్చే కంపెనీ) ద్వారా వచ్చింది. 2022లో అక్కడి నుంచే ఈపీ, అంటే నాలుగైదు పాటల చిన్న రికార్డు, వచ్చింది. పెద్ద లేబుల్ ఐలండ్ వాళ్లను తీసుకున్నది ఆ తర్వాతే. ఆ మూడేళ్లూ వాళ్ల పాటలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. ఎక్కడ చూడాలో తెలిసినవాళ్లు విన్నారు, తెలియనివాళ్లు ప్రైజ్ వచ్చేదాకా ఆగారు.

యాప్ ఎందుకు చెప్పలేదంటే దాని పనితీరే అంత. "ఈ పాట విన్నవాళ్లు ఇంకేం విన్నారు" అన్న లెక్క మీద అది సలహాలిస్తుంది. మూడు వందల మంది మాత్రమే వినే బ్యాండ్ విషయంలో ఆ లెక్క తేలడానికి సరిపడా సమాచారమే ఉండదు. అందుకే మీరు చిన్న బ్యాండ్ పాట ఎంత విన్నా, చివరికి తిప్పి తిప్పి అందరికీ తెలిసిన పేర్ల దగ్గరికే తీసుకొస్తుంది. కొత్త బ్యాండ్లు దొరికేది మనుషుల దగ్గర: చిన్న లేబుల్ నడిపేవాళ్లు, రెండొందల మంది పట్టే హాలుకు ఈ వారం ఎవరిని పిలవాలో నిర్ణయించేవాళ్లు, రాత్రి రేడియోలో డెమోలు వినిపించేవాళ్లు. వాళ్ల ఎంపికలను గమనించడమే ఈ పద్ధతి అంతా.

ముందుగా ఒక మాట తేల్చుకోవాలి

ఇండీ పాప్ అన్న మాట రెండు అర్థాల్లో నడుస్తోంది. ఇది తెలియకుండా వెతికితే సగం సమయం వృథా అవుతుంది.

మొదటిది ఇరుకైన అర్థం. 1986లో ఎన్ఎంఈ పత్రిక సీ86 అనే క్యాసెట్ తెచ్చింది, అందులో 22 బ్యాండ్లున్నాయి. మరుసటి ఏడాది బ్రిస్టల్‌లో సారా రికార్డ్స్ మొదలై 1995 దాకా నడిచింది. గలగలలాడే గిటార్లు, సన్నని గొంతులు, మూడు నిమిషాల లోపు పాటలు, అన్నీ సొంతంగా చేసుకునే పట్టుదల ఈ వంశపు లక్షణాలు. ఈ వంశం ఇంకా బతికే ఉంది. సారా లేబుల్ బ్యాండ్ హెవెన్లీలో పాడిన అమీలియా ఫ్లెచర్, అదే బ్యాండ్‌లోని రాబ్ పర్సీ ఇప్పుడు స్కెప్ వాక్స్ అనే లేబుల్ నడుపుతున్నారు. రెండోది విశాలమైన అర్థం: పట్టుకునే ట్యూను, గిటార్లు, పెద్ద కంపెనీ వాసన లేని ఏ బ్యాండ్ అయినా. పత్రికలు, ప్లేలిస్టులు వాడేది దీన్నే.

బ్యాండ్లు తమ పాటలను నేరుగా అమ్ముకునే సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో ట్యాగ్ పెట్టి వెతికేటప్పుడు ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో ఇండీ, పాప్ రెండింటినీ ఖాళీ లేకుండా ఒకే మాటగా కొడితే ఎక్కువగా మొదటి వంశంవాళ్లు వస్తారు. మధ్యలో ఖాళీ పెడితే విశాలమైన గుంపంతా వచ్చిపడుతుంది, అందులో ఇంట్లో కంప్యూటర్ మీద ఒక్కరే చేసిన పాటలూ బోలెడు. మీకు కావలసింది మొదటి రకమైతే జాంగిల్ పాప్, ట్వీ అన్న ట్యాగ్‌లు కూడా చూడండి. కాస్త మసకగా, కలలా ఉండే ధ్వని కావాలంటే డ్రీమ్ పాప్, షూగేజ్. ట్యాగ్‌కు తోడు ఊరి పేరు తప్పకుండా కలపండి: గ్లాస్గో, కార్డిఫ్, లీడ్స్, బెల్‌ఫాస్ట్, కార్క్. దేశం పేరుతో వెతికితే వేలల్లో వస్తాయి. ఊరి పేరుతో వెతికితే ఒక సాయంత్రంలో విని ముగించగలిగినన్నే వస్తాయి. వరసను "కొత్తవి ముందు" అని మార్చుకోవడం మరిచిపోవద్దు. ఎక్కువగా అమ్ముడైనవి ముందు అన్న వరసలో కొత్తవాళ్లు ఎప్పటికీ పైకి రారు.

తీగ లాగడం

తీగ లాగితే డొంకంతా కదులుతుందని మనవాళ్లు అంటారు. ఇక్కడ అక్షరాలా అదే జరుగుతుంది. మీకు బాగా నచ్చిన ఒకే ఒక్క బ్యాండ్‌ను తీసుకోండి. మరీ పెద్దది వద్దు. ఒకటి రెండు ఆల్బమ్‌లు తెచ్చిన, ఇంకా మధ్యస్థ హాళ్లలో వాయిస్తున్న బ్యాండ్ అయితే మేలు. దాని నుంచి మూడు తీగలు బయల్దేరతాయి.

మొదటిది లేబుల్. ఇప్పటి లేబుల్ కాదు, వాళ్ల మొట్టమొదటి సింగిల్ తెచ్చిన లేబుల్. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే: ఇప్పటి ఆల్బమ్ వెనక ఉన్న పెద్ద లేబుల్ పేరు చూసి అక్కడ వెతుకుతారు. పెద్ద లేబుల్ ఇతరులు ఏరిన వాళ్లను తీసుకుంటుంది, ఏరే పని చేసేది చిన్నది. ఇంగ్లిష్ టీచర్ మొదటి లేబుల్ నైస్ స్వాన్ అని చెప్పుకున్నాం కదా, అదే లేబుల్ స్పోర్ట్స్ టీమ్ మొదటి ఈపీ తెచ్చింది, డబ్లిన్ బ్యాండ్ స్ప్రింట్స్ ఈపీలు తెచ్చింది. ఒక్క లేబుల్ పేజీ తెరిస్తే లీడ్స్ నుంచి సముద్రం దాటి డబ్లిన్ చేరిపోయాం.

రెండో తీగ నిర్మాత, అంటే స్టూడియోలో ఆ ధ్వనిని మలిచినవాళ్లు. స్ప్రింట్స్ రికార్డుల మీద డేనియల్ ఫాక్స్ అన్న పేరు ఉంటుంది. ఆయన గిల్లా బ్యాండ్ అనే డబ్లిన్ బ్యాండ్‌లో బేస్ వాయిస్తారు. అదే పేరు సిల్వర్‌బ్యాక్స్ అనే మరో డబ్లిన్ బ్యాండ్ ఆల్బమ్ మీద, బ్రైటన్ బ్యాండ్ లాంబ్రినీ గర్ల్స్ 2025 ఆల్బమ్ మీద కూడా కనబడుతుంది. లండన్‌లో స్పీడీ వండర్‌గ్రౌండ్ లేబుల్ నడిపే డాన్ కేరీ కూడా ఇలాంటివారే. డబ్లిన్‌కు చెందిన ఫాంటేన్స్ డీసీ మొదటి ఆల్బమ్, ఐల్ ఆఫ్ వైట్ ద్వీపానికి చెందిన వెట్ లెగ్ మొదటి ఆల్బమ్ ఆయన చేతి మీదుగానే వచ్చాయి. చిన్న బ్యాండ్లకు డబ్బు తక్కువ కాబట్టి నిర్మాతను ఆచితూచి ఎంచుకుంటాయి. అందుకే ఆ పేరు చాలా చెబుతుంది. స్పాటిఫైలో పాట పక్కన మూడు చుక్కలు నొక్కితే క్రెడిట్స్ వస్తాయి. బ్యాండ్‌క్యాంప్‌లో ఆల్బమ్ పేజీ అడుగున ఉంటాయి. అక్కడ లేకపోతే డిస్కాగ్స్ అనే సైట్‌లో చూడండి, రికార్డు కవర్ మీద అచ్చయిన ప్రతి పేరూ ఎవరో ఒకరు అక్కడ ఎక్కించి ఉంటారు.

మూడోది, అన్నిటికంటే బలమైనది: సపోర్ట్ బ్యాండ్. బ్రిటన్, ఐర్లాండ్‌లలో చిన్న హాల్ గిగ్ (ప్రదర్శన) అంటే ఒక రాత్రికి సాధారణంగా రెండు మూడు బ్యాండ్లు వాయిస్తాయి. ముఖ్య బ్యాండ్‌కు ముందు వాయించేవాళ్లను సపోర్ట్ అంటారు. పోస్టర్ మీద వాళ్ల పేరు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. టూర్ మొత్తానికి వెంట వచ్చే సపోర్ట్‌ను తరచుగా ముఖ్య బ్యాండే కోరుకుంటుంది. ఒక్కో ఊళ్లో మొదట వాయించే లోకల్ సపోర్ట్‌ను, గిగ్ ఏర్పాటు చేసే ఆ ఊరి ప్రమోటర్ పెడతారు. ఈ రెండూ వేర్వేరు రకాల సిఫార్సులు. మొదటిది సంగీతకారుల అభిరుచి చెబుతుంది, రెండోది ఊళ్లో ఇప్పుడు ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారో చెబుతుంది. మీ బ్యాండ్ గత ఏడాది చేసిన టూర్ పోస్టర్లన్నీ వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీలో కిందికి వెళ్లి చూడండి. పదిహేను నిమిషాల పని, ఐదారు కొత్త పేర్లు ఖాయం. ఆ ఐదారు పేర్లకు మళ్లీ ఇదే చేయండి. రెండో అంచెలో వచ్చే పేర్లలో ఎక్కువ వాటికి ఇంకా ఆల్బమ్ ఉండదు, మనం వెతుకుతున్నది వాళ్లనే.

హాళ్ల జాబితాలు

బ్యాండ్ ఎప్పుడూ ఒంటరిగా పుట్టదు. ఒక ఊళ్లో ఒకే హాల్ చుట్టూ, ఒకరి డ్రమ్స్ ఒకరు వాడుకుంటూ నాలుగైదు కలిసి పుడతాయి. అందువల్ల హాల్ వెబ్‌సైట్‌లోని "ఏ రోజు ఎవరు" అన్న పేజీ ఏ పత్రికకూ తీసిపోదు. కొన్ని గుర్తుపెట్టుకోవాల్సినవి: లండన్ బ్రిక్స్‌టన్‌లో ది విండ్‌మిల్, లీడ్స్‌లో బ్రుడనెల్ సోషల్ క్లబ్, మాంచెస్టర్‌లో యెస్, బ్రిస్టల్‌లో ది లూయిజియానా, గ్లాస్గోలో ది హగ్ అండ్ పింట్, కింగ్ టట్స్ వా వా హట్, డబ్లిన్‌లో వీలన్స్, ది వర్క్‌మన్స్ క్లబ్, లిమరిక్‌లో డోలన్స్. కింగ్ టట్స్‌లో మూడు వందల మందికి మించి పట్టరు. 1993లో క్రియేషన్ లేబుల్ యజమాని ఒయాసిస్‌ను చూసి అప్పటికప్పుడు తీసుకున్నది ఆ గదిలోనే.

జాబితా చదివే తీరు ఇది. రాబోయే రెండు నెలల పేజీ తెరిచి ముఖ్య బ్యాండ్ల పేర్లు వదిలేయండి, సపోర్ట్ పేర్లు మాత్రమే రాసుకోండి. వేరే వేరే ముఖ్య బ్యాండ్ల కింద రెండుసార్లు కనబడిన పేరు పక్కన చుక్క పెట్టండి. అదే పేరు ఇంకో ఊరి హాల్ జాబితాలో కూడా కనబడితే రెండో చుక్క. రెండు చుక్కలున్న బ్యాండ్ వినకుండా వదలకూడదు: సొంత ఊరి స్నేహితుల బలంతో కాక, పరాయి ఊరి ప్రమోటర్ పిలుపుతో వాయిస్తోందని అర్థం.

పేర్లు వెతికేటప్పుడు స్పెల్లింగ్ ఇబ్బంది వస్తుంది, ముఖ్యంగా వెల్ష్, ఐరిష్ మాటలతో. వెల్ష్‌లో ఒంటరి ఎఫ్ అక్షరాన్ని "వ" అని పలుకుతారు, డబ్ల్యును "ఉ" అచ్చులా పలుకుతారు. కార్డిఫ్‌లోని పేరున్న హాల్ క్లుబ్ ఇవోర్ బాఖ్‌ను వెతకాలంటే క్లబ్ అన్న మాటలో యు తీసి డబ్ల్యు పెట్టాలి, ఇవోర్‌లో వి బదులు ఎఫ్. అక్కడి సూన్ సంగీత పండగ పేరులోనూ ఒకే డబ్ల్యు ఉంటుంది, దాని మీద చిన్న గొడుగు లాంటి గుర్తు. ఆ మాటకు వెల్ష్‌లో ధ్వని అని అర్థం. గాల్వేలోని హాల్ రోషీన్ డువ్ పేరులో "డువ్" మాట చివర బీహెచ్ అక్షరాలుంటాయి. ఐరిష్ అచ్చుల మీద ఉండే వాలుగీతలు కొట్టకపోయినా సాధారణంగా వెతుకులాటకు అడ్డం రావు.

రేడియో: వినలేకపోయినా జాబితా చాలు

2002లో మొదలైన బీబీసీ 6 మ్యూజిక్ ఈ సంగీతానికి పెద్ద దిక్కు. స్టీవ్ లమాక్ లాంటి సమర్పకులు 1990ల నుంచీ కొత్త బ్యాండ్లను వినిపిస్తూనే ఉన్నారు. దానికంటే ముందు అంచె బీబీసీ ఇంట్రడ్యూసింగ్, 2007లో మొదలైంది. బ్రిటన్‌లో ఉన్న ఏ బ్యాండ్ అయినా తన పాటను ఉచితంగా అప్‌లోడ్ చేయవచ్చు. ఆ ప్రాంతపు బీబీసీ స్టేషన్‌వాళ్లు విని, నచ్చితే తమ ప్రోగ్రాంలో వేస్తారు, ఇంకా నచ్చితే పైకి పంపుతారు. కాబట్టి జాతీయ స్టేషన్ కంటే ప్రాంతీయ ప్రోగ్రాంలో పేర్లు నెలల ముందే వస్తాయి. ఉత్తర ఐర్లాండ్‌కు రేడియో అల్‌స్టర్‌లో అక్రాస్ ది లైన్ ఎంతోకాలంగా ఇదే పని చేస్తోంది.

మన దగ్గరి నుంచి వినేవాళ్లకు ఒక చిక్కు ఉంది. 2025 జులైలో బీబీసీ సౌండ్స్ యాప్‌ను బ్రిటన్ బయటి శ్రోతలకు ఆపేశారు. అయినా దిగులు పడనక్కర్లేదు. ప్రోగ్రాం వెబ్ పేజీలో ఆ రోజు వేసిన పాటల జాబితా సాధారణంగా ఉంటుంది. మనకు కావలసింది సమర్పకుల కబుర్లు కాదు, ఆ పేర్లు. జాబితా నుంచి ఎన్నడూ వినని పేర్లను మాత్రమే తీసి యూట్యూబ్‌లోనో బ్యాండ్‌క్యాంప్‌లోనో వినండి. ప్రత్యక్షంగా వినదలచుకుంటే సమయం సరిచూసుకోండి: శీతాకాలంలో వాళ్ల గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక, మార్చి చివరి నుంచి అక్టోబర్ చివరి దాకా నాలుగున్నర గంటలు. గడియారం మారిన వారంలోనే చాలామంది ప్రోగ్రాం పోగొట్టుకుంటారు.

ఐర్లాండ్‌కు తలుపు వేరు

బ్రిటన్ పత్రికలు ఐరిష్ బ్యాండ్ గురించి రాయడం మొదలుపెట్టేది సాధారణంగా ఆ బ్యాండ్ లండన్‌లో గిగ్‌లు చేశాక. ముందే పట్టుకోవాలంటే డబ్లిన్ నుంచే చూడాలి. బీబీసీ ఇంట్రడ్యూసింగ్ ఉత్తర ఐర్లాండ్ వరకే పనికొస్తుంది, ఐర్లాండ్ రిపబ్లిక్‌కు కాదు. అక్కడ ఐర్లాండ్ ప్రభుత్వ ప్రసార సంస్థ ఆర్టీఈ వారి రేడియో స్టేషన్ 2ఎఫ్ఎం ఏటా రైజింగ్ పేరుతో కొత్తవాళ్ల జాబితా ఇస్తుంది. 1977 నుంచి నడుస్తున్న హాట్ ప్రెస్ పత్రిక, కొత్త ఐరిష్ పాటలను ఓపిగ్గా ఏరిపెట్టే నయలర్9 అనే సైట్ తప్పక చూడాలి. నయలర్9 పేరు చివర అంకె ఉంటుంది, అది కలిపే వెతకండి. ఫస్ట్ మ్యూజిక్ కాంటాక్ట్ అనే సంస్థ ఐర్లాండ్ మ్యూజిక్ వీక్ నిర్వహిస్తుంది. దానికి ఎంపికైన బ్యాండ్ల జాబితా ఒక్కటి మొదలుకంటా వింటే ఆ ఏడాది ఐరిష్ సంగీతం మీద మంచి అవగాహన వస్తుంది.

ఐర్లాండ్ గురించి ఇంకో సంగతి. అక్కడి ప్రభుత్వం 2022లో రెండు వేల మంది కళాకారులకు వారానికి 325 యూరోల చొప్పున ఇచ్చే పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది, అందులో సంగీతకారులూ ఉన్నారు. ఇంటద్దెలు మండిపోతున్న డబ్లిన్‌లో వారానికి రెండు రోజులు రిహార్సల్‌కు మిగలడమంటే బ్యాండ్ నిలబడటమే. అయితే డబ్లిన్ ఒక్కటే చూస్తే సగం పోతుంది. న్యూడాడ్ గాల్వే నుంచి వచ్చింది, జస్ట్ మస్టర్డ్ డండాక్ నుంచి, కార్డినల్స్ కార్క్ నుంచి. గాల్వే, కార్క్, లిమరిక్ హాళ్ల జాబితాలకు డబ్లిన్‌తో సమానంగా సమయం ఇవ్వండి.

వేల్స్, స్కాట్లాండ్‌లకూ ఇదే సూత్రం. కార్మార్దన్ దగ్గర నడిచే లిబర్టీనో లేబుల్ ఆద్వైత్ అనే బ్యాండ్‌ను తెచ్చింది. వాళ్లు వెల్ష్ భాషలోనే పాడి 2019లో, 2022లో రెండుసార్లు వెల్ష్ మ్యూజిక్ ప్రైజ్ గెలిచారు. పాట ఏ భాషలో ఉందన్నది అడ్డం కాదని తెలుగువాళ్లకు వేరే చెప్పాలా! స్కాట్లాండ్‌లో లాస్ట్ మ్యాప్ లేబుల్ ఎగ్ అనే చిన్న ద్వీపం నుంచి నడుస్తుంది.

ఏడాది పంచాంగం

రోజూ వెతకనక్కర్లేదు. ఏడాదిలో కొన్ని వారాల్లో పేర్లు కుప్పలుగా బయటపడతాయి, ఆ వారాలు పట్టుకుంటే చాలు.

జనవరి అన్నిటికంటే ముఖ్యం. డబ్లిన్ వీలన్స్‌లో వన్స్ టు వాచ్, గ్లాస్గో కింగ్ టట్స్‌లో న్యూ ఇయర్స్ రెవల్యూషన్ పేరుతో రాత్రికి నాలుగైదు చొప్పున కొత్త బ్యాండ్లను వరసగా వాయింపజేస్తారు. ఈ రెండు పోస్టర్లు దొరికితే మిగతా జనవరి జాబితాలన్నీ వదిలేసినా నష్టం లేదు. బీబీసీ సౌండ్ ఆఫ్, ఎన్ఎంఈ 100 లాంటి జోస్యాల జాబితాలూ ఆ రోజుల్లోనే వస్తాయి. అయితే సౌండ్ ఆఫ్‌లో వచ్చేవాళ్లకు అప్పటికే పెద్ద లేబుల్ దొరికి ఉండటం మామూలు, దాన్ని తెలుసుకోవడానికే చదవండి, వెతకడానికి కాదు. గ్లాస్టన్‌బరీ పండగ జరిగే ఏళ్లలో దాని ఎమర్జింగ్ టాలెంట్ పోటీ ఉంటుంది. ముప్పై మంది సంగీత రచయితలు తలా ముగ్గురి చొప్పున తొంభై పేర్ల జాబితా వేస్తారు. గెలిచినవాళ్ల కంటే ఆ తొంభైయే మనకు ముఖ్యం. 2015లో గెలిచిన డెక్లన్ మెకెన్నా ఈ పోటీ నుంచే వెలుగులోకి వచ్చాడు.

మే నెలలో బ్రైటన్‌లో ది గ్రేట్ ఎస్కేప్, రెక్సమ్‌లో ఫోకస్ వేల్స్. గ్రేట్ ఎస్కేప్‌కు ఊరంతా పరుచుకున్న చిన్న చిన్న హాళ్లలో వందల బ్యాండ్లు వాయిస్తాయి. అంత జాబితా చూసి జడుసుకోనక్కర్లేదు. ముందటి ఏడాది చివర్లో ఫస్ట్ ఫిఫ్టీ అని యాభై పేర్లు ప్రకటిస్తారు, వాటితో మొదలుపెడితే తేలిక. ఆగస్టులో వేల్స్ కొండల్లో జరిగే గ్రీన్ మ్యాన్ పండగకు ముందు గ్రీన్ మ్యాన్ రైజింగ్ పోటీ ఉంటుంది. గెలిచిన బ్యాండ్ ముఖ్య వేదిక మీద పండగను ప్రారంభిస్తుంది. అక్టోబరులో కార్డిఫ్ సూన్, నెదర్లాండ్స్ రాటర్‌డామ్‌లో లెఫ్ట్ ఆఫ్ ది డయల్. రెండోది వేరే దేశంలో జరిగినా పోస్టర్ నిండా బ్రిటన్, ఐర్లాండ్ కొత్త బ్యాండ్లే. నిర్వాహకుల చెవి చాలా పదునైనది, ఒకే ఒక్క పోస్టర్ చూసే ఓపిక ఉంటే ఇదే చూడండి. ఇరుకైన అర్థంలో ఇండీ పాప్ ఇష్టపడేవాళ్లకు గ్లాస్గోలో గ్లాస్-గోస్-పాప్, కార్డిఫ్‌లో వేల్స్ గోస్ పాప్ వేరుగా ఉన్నాయి.

వినడం, రాసుకోవడం

పేర్లు పోగేయడం సులువు, వాటిని వినడమే కష్టం. వారానికి ఒక గంట, ఇరవై పేర్లు, ఒక్కో బ్యాండ్‌వి రెండు పాటలు. మొదటి పాటగా ఎక్కువమంది విన్నది కాక అన్నిటికంటే కొత్తది పెట్టండి. కుర్ర బ్యాండ్ ఏడాదిలోనే గుర్తుపట్టలేనంత మారుతుంది. ఇరవై సెకన్లకే దాటేయకండి, మొదటి పల్లవి వచ్చేదాకా, అంటే నిమిషంన్నర, ఆగండి. రికార్డింగ్ నాణ్యత చూసి తీర్పు చెప్పకండి. గొంతు వినబడనంత డ్రమ్స్ ఉంటే అది మిక్సింగ్ చేసినవారి లోపం. ట్యూన్ గుర్తుండిపోతోందా, మాటల్లో ఆ ఊరి వాసన ఉందా అన్నవి మాత్రం డబ్బుతో వచ్చేవి కావు, వాటినే చూడండి.

నోట్‌బుక్‌లోనో ఫోన్‌లోనో ఐదు గడులు పెట్టుకోండి: బ్యాండ్ పేరు, ఊరు, మొదటి లేబుల్, ఎక్కడ చూశారు, ఏ తేదీన విన్నారు. నాలుగోది ఎవరూ రాయరు, అదే ప్రాణం. ఆరు నెలలయ్యాక తిరగేస్తే మీకు నచ్చిన పది బ్యాండ్లలో ఆరు ఒకే హాల్ జాబితా నుంచో ఒకే లేబుల్ నుంచో వచ్చాయని తేలుతుంది. మిగతా చోట్లు తగ్గించి అక్కడే తవ్వవచ్చు. నచ్చక కొట్టేసిన పేర్లను కూడా ఆరు వారాల తర్వాత ఒకసారి వినండి.

పాటే దొరకని బ్యాండ్లు కూడా ఉంటాయి. ది లాస్ట్ డిన్నర్ పార్టీ మొదటి సింగిల్ 2023 ఏప్రిల్‌లో వచ్చింది. అంతకు ముందు ఏడాది వేసవిలోనే, ఒక్క పాటా విడుదల చేయకుండా, లండన్ హైడ్ పార్క్‌లో రోలింగ్ స్టోన్స్ వాయించిన రోజున వాళ్లూ వాయించారు. వాళ్లను ముందుగా తెలుసుకున్నవాళ్లు విండ్‌మిల్ లాంటి చోట్ల ప్రేక్షకులు తీసి యూట్యూబ్‌లో పెట్టిన వీడియోల ద్వారా తెలుసుకున్నారు. అందుకే పేరు కనబడి పాట లేకపోతే, బ్యాండ్ పేరు పక్కన హాల్ పేరు కలిపి యూట్యూబ్‌లో వెతకండి.

ఎక్కడ దెబ్బతింటారు

ఒకే పేరుతో రెండు మూడు బ్యాండ్లుంటాయి. స్పాటిఫైలో వాటి పాటలు ఒకే పేజీలో కలిసిపోవడం మామూలే. పాత పాట ఒకలా, కొత్తది పూర్తిగా వేరేలా ఉంటే ముందు అనుమానించాల్సింది ఇదే. బ్యాండ్ సొంత ఇన్‌స్టాగ్రామ్ నుంచి ఇచ్చిన లింకు నొక్కి వెళితే ఈ గొడవ ఉండదు.

నెలవారీ శ్రోతల అంకెను నమ్మకండి. ఒక మూడ్ ప్లేలిస్ట్‌లో పడితే అది లక్షకు ఎగబాకుతుంది, తీసేస్తే పడిపోతుంది. స్పాటిఫైలో బ్యాండ్ పేజీ అడుగున ఎక్కువమంది వినే ఐదు నగరాల పేర్లుంటాయి. లీడ్స్ బ్యాండ్‌కు ఆ ఐదింటిలో ఒక్క బ్రిటన్ నగరమూ లేకపోతే ఆ అంకె ప్లేలిస్టులది, అభిమానులది కాదు.

అసలు మనుషులే లేని బ్యాండ్లు కూడా వచ్చేశాయి. 2025 వేసవిలో ది వెల్వెట్ సన్‌డౌన్ అనే పేరు స్పాటిఫైలో నెలకు పది లక్షల శ్రోతలను దాటింది. ఆ సంగీతం ఏఐతో చేసిందని తర్వాత ఒప్పుకున్నారు. దీనికి విరుగుడు మళ్లీ హాల్ జాబితానే. తేదీ, ఊరు, సపోర్ట్ పేర్లతో కనీసం మూడు గిగ్‌లు హాళ్ల సొంత సైట్లలో కనబడితే ఆ బ్యాండ్ నిజమైనది.

నచ్చితే కొనడం

2024 నుంచి స్పాటిఫై నియమం ప్రకారం ఏడాదిలో వెయ్యిసార్లు వినబడని పాటకు రికార్డింగ్ రాయల్టీ రాదు. మనం వెతికే బ్యాండ్లలో చాలా పాటలు ఆ గీత కిందే ఉంటాయి. బ్యాండ్‌క్యాంప్‌లో ఒక సింగిల్‌ను ఒకటి రెండు పౌండ్లకు కొంటే అందులో ఎక్కువ భాగం వాళ్లకే చేరుతుంది. డిజిటల్ అమ్మకాల్లో బ్యాండ్‌క్యాంప్ వాటా మామూలుగా 15 శాతం. బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని ప్రకటించిన శుక్రవారాల్లో ఆ వాటా కూడా వదులుకుంటుంది. అది అమెరికా పడమటి తీరపు గడియారం ప్రకారం మొదలవుతుంది, అంటే మనకు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు, చలికాలంలో ఒకటిన్నరకు. ఉదయమే కొనేస్తే ఆ ప్రయోజనం పోయినట్టే.

భారత్‌లో జారీ అయిన కార్డు తిరస్కరణకు గురైతే కంగారు పడకండి. 2020 నుంచి రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ ఆన్‌లైన్ చెల్లింపులు ఆపేసే ఇస్తారు. బ్యాంక్ యాప్‌లో కార్డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేసి, చిన్న పరిమితి పెట్టుకుని, కొన్నాక మళ్లీ ఆపేయండి. వినైల్ రికార్డులు ఆర్డర్ చేసే ముందు పోస్టేజీ చూసుకోండి, తరచుగా రికార్డు ధరను మించిపోతుంది. బ్యాండ్‌క్యాంప్‌లో డబ్బు లేకుండా చేయగలిగిన గొప్ప పని ఒకటుంది: లేబుల్ పేజీలో ఫాలో నొక్కడం. ఆ లేబుల్ నుంచి ఏది వచ్చినా ఈమెయిల్ వస్తుంది. పది లేబుళ్లను ఫాలో అయితే ఎంత మంచి ప్లేలిస్ట్ కూడా దానికి సరిరాదు. ఆల్బమ్ పక్కన కొన్నవాళ్ల చిన్న బొమ్మలు కనబడతాయి. మీకు నచ్చిన రెండు అరుదైన ఆల్బమ్‌లనూ కొన్న వ్యక్తి దొరికితే ఆ బొమ్మ నొక్కి, వాళ్లు కొన్నవన్నీ వరసగా వినండి.

అక్కడే ఉంటున్నవాళ్లకు

లీడ్స్, షెఫీల్డ్, మాంచెస్టర్, గ్లాస్గో, డబ్లిన్‌లలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు ఇదంతా నడిచిపోయే దూరంలో ఉంది. బ్రిటన్‌లో చిన్న హాల్ టికెట్ చాలాసార్లు పది, పన్నెండు పౌండ్లకు మించదు. బుకింగ్ ఫీజు కలిపి మొత్తం ధర ఎంతో చూసుకోండి. టికెట్ మీద "డోర్స్" అని ఉన్న సమయం తలుపులు తెరిచేది, అరగంట తర్వాత మొదటి సపోర్ట్ వస్తుంది. మన పద్ధతిలో ఆలస్యంగా వెళితే అసలు చూడాల్సినవాళ్లే అయిపోతారు. చాలా హాళ్లు పబ్‌లకు ఆనుకుని ఉంటాయి కాబట్టి 18 ఏళ్ల నిబంధన ఉందేమో చూసుకోండి, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు అసలుదే అడుగుతారు, ఫోన్‌లో ఫొటో చూపిస్తే చాలాచోట్ల లోపలికి పంపరు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్స్ కొనండి. తక్కువ ఎత్తు కప్పున్న గదిలో డ్రమ్స్ శబ్దం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ.

వాయించడం అయ్యాక సపోర్ట్ బ్యాండ్‌వాళ్లే టీషర్టులు, క్యాసెట్లు పెట్టుకుని బల్ల దగ్గర నిలబడతారు. అక్కడికి వెళ్లి, ఈ ఊళ్లో మీకు నచ్చిన ఇంకో బ్యాండ్ ఏదని అడగండి. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు, వాళ్లు ఇష్టంగా చెబుతారు. స్పెల్లింగ్ వాళ్ల చేతే మీ ఫోన్‌లో కొట్టించుకోండి, హాల్‌లో ఆ శబ్దం మధ్య విన్న పేరు మర్నాటికి ఒక్కటీ సరిగ్గా గుర్తుండదు.